కాఫీ మరకలు లేని పాత పటం

పోయిన నెల ఈ శీర్షికలో మధ్యయుగపు పద్ధతిలో చేత్తో గీసే పటాల గురించి చిన్న జవాబు ఒకటి రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలతో బల్ల నిండిపోయింది. అన్నిటికీ చోటు లేదు కనుక కొన్నిటినే ఇక్కడ తీసుకుంటున్నాను. కొత్త పాఠకులకు నా సంగతి రెండు మాటల్లో: ముప్పై ఏళ్లు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసింగ్ కాగితం మీద ఇతరుల కొలతలకు గీతలు గీసి రిటైరయ్యాను. పాత పటాల పిచ్చి ఆ తరువాత పట్టింది. ఇప్పుడు అప్పుడప్పుడు ఇలాంటి పటాల పోటీలకు న్యాయనిర్ణేతగా పిలుస్తున్నారు. అక్కడ నాకు మెతకమనిషి అన్న పేరు మాత్రం లేదు.

ప్రశ్న: మేడమ్‌గారూ, కాగితాన్ని టీ డికాక్షన్‌లో నానబెట్టి, అంచులు కొవ్వొత్తి మీద కాల్చి, 1300 నాటి ప్రపంచపటం ఒకటి గీశాను. చూసినవారంతా మ్యూజియంలోది అనుకున్నారు. పోటీలో మాత్రం చివరి వరుసలో నిలబెట్టారు. ఎందుకంటారు?

జవాబు: 1300లో ఆ పటం పాతది కాదు కనుక.

ఈ మాట నేను పోటీల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇంగ్లండ్‌లో హెరెఫర్డ్ కెథీడ్రల్‌లో ఉన్న ప్రపంచపటాన్నే తీసుకోండి. సుమారు 1300 నాటిది, ఒకే దూడ తోలు మీద గీసినది, దాదాపు 1.58 మీటర్ల ఎత్తు, 1.33 మీటర్ల వెడల్పు. ఇవాళ ఫొటోల్లో మనకు కనిపించే ఆ ముదురు గోధుమరంగు గీసినవారు పూసింది కాదు, ఏడు వందల ఏళ్లు పూసింది. గీసిన రోజున తోలు మీగడ రంగులో ఉండేది, సిరా నల్లగా, ఎరుపు ఎర్రగా ఉండేవి. డబ్బిచ్చి పటం గీయించుకున్న బిషప్పుకో రాజుకో అంచులు కాలిన తోలు తీసుకెళ్లి ఇస్తే ఏం జరిగేదో మీరే ఊహించుకోండి. పైగా నిజమైన తోలు అంచు మంటకు తగిలితే కాగితంలా అందంగా కాలదు, ముడుచుకుపోయి గట్టిపడుతుంది.

మీరు చేసింది పాత పటం కాదు, పాతబడిన పటం. రెండూ వేరు. మొదటిది ఒక పనివాడి చేతిపని, రెండవది నాటకంలో వాడే సామగ్రి. నాటకానికైతే మీ పటం బాగానే ఉంటుంది. పోటీకి గీసేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న వేసుకోండి: నేను ఏ సంవత్సరంలో, ఎవరి బల్ల ముందు కూర్చున్నాను? ఆ సంవత్సరం దాటి వచ్చిన ప్రతిదాన్నీ బల్ల మీద నుంచి తీసేయండి. మొదట పోవలసింది ఆ టీ డికాక్షన్.

ప్రశ్న: నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థినిని. మధ్యయుగపు పటం మొదటిసారి గీస్తున్నాను. అన్నిటికంటే తేలికైనది ఏది? గుండ్రటి ప్రపంచపటం ఒకటి మొదలుపెట్టి, పైన ఉత్తరం ఉంచి, మూలలో దిక్సూచి బొమ్మ వేశాను. సరేనా?

జవాబు: గుండ్రటి పటం సరే అమ్మా, మిగతా రెండూ కావు.

మీరు మొదలుపెట్టినది టీ-ఓ పటం. వృత్తం 'ఓ', అది భూమిని చుట్టిన సముద్రం. లోపల 'టీ' ఆకారంలో మూడు నీటిదారులు: నిలువు గీత మధ్యధరా సముద్రం, అడ్డగీతలో ఎడమ సగం డాన్ నది, కుడి సగం నైలు నది. పై సగమంతా ఆసియా, కింద ఎడమన యూరప్, కుడిన ఆఫ్రికా. అంటే పైన ఉండేది తూర్పు. స్పెయిన్‌లోని సెవిల్‌కు ఏడవ శతాబ్దంలో బిషప్పుగా ఉన్న ఇసిడోర్ రచనల ప్రతుల్లో ఇలాంటివి వందల ఏళ్లపాటు గీస్తూ వచ్చారు. 1472లో జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో అదే అచ్చయింది, యూరప్‌లో అచ్చయిన మొదటి పటంగా దాన్నే చెబుతారు. చిన్నదే అయినా ఎంత చరిత్ర మోస్తోందో చూడండి. మొదటి పటానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు: ఒక వృత్తలేఖిని, ఒక స్కేలు, మూడు పేర్లు.

ఇక దిక్సూచి బొమ్మ. మనకు తెలిసినంతలో పటం మీద అది మొదట కనిపించేది 1375 నాటి కేటలాన్ అట్లాసులో. మయోర్కా ద్వీపంలో క్రెస్కస్ అబ్రహాం చేశాడని చెప్పే ఆ అట్లాసు ఇప్పుడు పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. సముద్రపటాల వాళ్ల సరంజామా అది, మఠంలో కూర్చున్న లేఖకుడిది కాదు.

మీరు సిగ్గుపడవలసిందేమీ లేదు. నా మొదటి టీ-ఓ పటంలో నేను ఏకంగా ముప్పై రెండు రేకుల దిక్సూచి వేశాను. వారం పట్టింది. ఒక పెద్దాయన చూసి, "ఇది లోపలికి ఏ దారిన వచ్చిందమ్మా?" అని మాత్రం అడిగారు. ఆ పటం ఇప్పటికీ బీరువా మీద ఉంది.

దిక్కుల విషయంలో ఇంకో మాట. పైన తూర్పే ఉండాలన్నదీ అన్ని పటాలకూ వర్తించదు. సిసిలీ రాజు రెండవ రోజర్ కోసం అరబ్ భూగోళవేత్త అల్ ఇద్రీసీ 1154లో పూర్తి చేసిన పటాల్లో పైన ఉండేది దక్షిణం. వెనిస్‌లో సుమారు 1450లో ఫ్రా మౌరో అనే సన్యాసి చేసిన పెద్ద గుండ్రటి పటంలోనూ అంతే. ఏ పటాన్ని అనుసరిస్తున్నారో దాని దిక్కునే పట్టుకోండి.

ప్రశ్న: సముద్రపటాల మీద సాలెగూడులా అల్లుకున్న గీతలు ఎలా గీస్తారు? నేను ప్రయత్నిస్తే ఏ గీతా ఎక్కడికీ చేరడం లేదు.

జవాబు: దిక్సూచి బొమ్మ దగ్గర మొదలుపెట్టి చేతికి వచ్చినట్టు గీతలు లాగి ఉంటారు. పటానికి పునాది దిక్సూచి కాదు, కంటికి కనిపించని పెద్ద వృత్తం.

ఈ తరహా పటాలను పోర్టొలాన్ పటాలు అంటారు. మిగిలినవాటిలో అతి పాతది పదమూడవ శతాబ్దం చివరిది, కార్టా పిసానా. పని ఇలా సాగుతుంది. తోలు మీద పట్టినంత పెద్ద వృత్తాన్ని సిరా లేకుండా మొద్దు మొనతో నొక్కి గీయండి. దాన్ని సమానంగా 16 భాగాలు చేయండి. ఇక ఆ 16 బిందువులను ఒకదానితో ఒకటి కలపడమే. వృత్తం గీత కనిపించకూడదు, బిందువులు మాత్రం పటమంతటినీ పట్టి ఉంచుతాయి.

రంగులకు కూడా లెక్క ఉంది. ఆ నావికులు దిక్కులను గాలుల పేర్లతోనే పిలిచేవారు. ఎనిమిది ప్రధాన గాలులకు నలుపు, వాటి మధ్య ఎనిమిది అర గాలులకు ఆకుపచ్చ, మిగిలిన పదహారు పావు గాలులకు ఎరుపు. ఓడ ఊగుతున్నప్పుడు, దీపం వెలుగులో, నావికుడు ఏ గీత వెంట పోతున్నాడో తప్పిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. అలంకారం అనుకుని నీలం, ఊదా వేసినవారిని చూశాను. గమనించండి, వృత్తం మధ్య నుంచి 16 బిందువులకు పోయే గీతలన్నీ నలుపో ఆకుపచ్చో అవుతాయి. ఎరుపు గీతలు అంచు బిందువుల మధ్యనే పుడతాయి. మీ పటంలో మధ్య బిందువు నుంచి ఎరుపు బయలుదేరిందంటే లెక్క ఎక్కడో తప్పిందన్నమాటే.

నేనైతే ఈ గీతలన్నీ ముందే గీసి, రెండు రోజులు ఆరనిచ్చి, తరువాత తీరరేఖ జోలికి పోతాను. ఊళ్ల పేర్లు తీరరేఖకు లంబంగా, నేల వైపే రాయాలి. సముద్రం వైపు రాస్తే నావికుడికి కావలసిన రేవు, రాయి, ఇసుకమేట అన్నీ అక్షరాల కింద పడిపోతాయి. ముఖ్యమైన రేవులు ఎరుపులో, మిగతావి నలుపులో. తీరం వంగిన చోటల్లా పేర్లూ తిరుగుతాయి కనుక సగం పేర్లు మీకు తలకిందులుగా కనిపిస్తాయి. కంగారు పడకండి, ఆ పటాన్ని చూసేవాడు బల్ల మీద తిప్పుకుంటూ చదివేవాడు. చిన్న దీవులకు నిండుగా రంగు వేయండి. మయోర్కా దీవికి ఎరుపు, బంగారు చారలు వేయడం ఆ దీవిలో పటాలు గీసేవారి ముచ్చట. అది వారి ఆరగాన్ రాజ్యపు జెండా.

ప్రశ్న: సిరా, రంగులు ఇంట్లో చేసుకోవాలా? కొన్నవి వాడితే మార్కులు పోతాయా?

జవాబు: సిరా చేసుకోండి, రంగుల విషయంలో ఆలోచించండి.

మధ్యయుగపు సిరాకు మాచికాయ, అన్నభేది (ఇనుప లవణం), తుమ్మబంక, నీళ్లు చాలు. నా పాళ్లు మూడు, రెండు, ఒకటి. మాచికాయ దంచి నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి వడకట్టి, అన్నభేది కలిపి, చివర బంక కరిగించాలి. రాసేటప్పుడు పాలిపోయినట్టు ఉండి, గాలి తగిలాక నల్లబడుతుంది. మొదటిసారి చేసినప్పుడు నాసిరకం వచ్చిందనుకుని పారబోశాను. పారబోసిన చోట నేల మర్నాటికి నల్లబడింది. అప్పుడు తెలిసింది.

రంగుల పేర్లు చెబితే చాలు నా పాత మిత్రులు నవ్వుతారు, అంత ఇష్టం నాకు: ఇంగిలీకం, సిందూరం, హరిదళం, లాజవర్దం, చిలుము, నీలిమందు. కానీ ఇంగిలీకంలో పాదరసం, సిందూరంలో సీసం, హరిదళంలో పాషాణం ఉన్నాయి. పొడి నూరడం, పాళీని నాలుకతో తడపడం వంటి అలవాట్లున్నవారు వాటి దరిదాపులకు పోవద్దు. ఆ రంగుకు దగ్గరగా ఉండే నేటి గవాష్ రంగు (నీళ్లతో కలిపే చిక్కటి రంగు) వాడి, వాడానని కాగితం మీద రాసి ఇవ్వండి. విషం మింగనందుకు నేనెప్పుడూ మార్కు తగ్గించలేదు.

చిలుము గురించి విడిగా చెప్పాలి. రాగిని పులుపు ఆవిరిలో ఉంచితే పట్టే ఆ ఆకుపచ్చ కంటికి ఎంత బాగుంటుందో కాగితానికి అంత చెడ్డది. ఒక పటంలో అడవులన్నిటికీ అదే వేశాను. కొన్నేళ్లకు అడవులు గోధుమరంగుకు తిరిగాయి, కాగితం వెనక్కి తిప్పితే చెట్ల ఆకారాలు అక్కడా కనిపించాయి. ఇంకొన్నాళ్లకు ఒక అడవి ఊడి చేతికి వచ్చింది.

తోలు మీద గీసేవారికి ఒక్క హెచ్చరిక: నీళ్లు ఎక్కువైన రంగు వేయకండి, ఉబ్బి వంకరపోతుంది. ముందుగా ప్యూమిస్ రాయి పొడితో తోలును రుద్దకపోతే జిడ్డు మీద సిరా నిలవదు. కాగితం వాడేవారు నూలు గుడ్డ పీచుతో చేసిన, నున్నటి కాగితం తీసుకుంటే ఈక కలం గీరుకోకుండా నడుస్తుంది.

ప్రశ్న: పాత పటాల మీద "ఇక్కడ డ్రాగన్లు ఉన్నాయి" అని లాటిన్‌లో రాసేవారు కదా? అది ఎక్కడ రాస్తే బాగుంటుంది?

జవాబు: ఎక్కడా రాయకపోతే బాగుంటుంది. ఆ మాట ఉన్నదిగా పేరుపొందినది పటం కాదు, 1510 ప్రాంతపు చిన్న రాగి గోళం, హంట్-లెనాక్స్ గోళం. అదీ ఆసియా తూర్పు తీరం దగ్గర ఒక్కచోట. మీరు గోళం చేస్తుంటే మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.

ప్రశ్న: నేను రాస్తున్న కథకు ఒక ఊహా దేశం ఉంది. దాని పటం 1570 నాటి అచ్చు పటంలా కనిపించాలి, పేర్లు మాత్రం తెలుగులో ఉండాలి. ఊహా దేశానికి కూడా ఈ నియమాలన్నీ ఉంటాయా?

జవాబు: దేశం ఊహ అయినా చేయి ఊహ కాదు కదా.

1570 అన్నారు కనుక మీ మనసులో ఉన్నది ఆంట్వెర్ప్‌లో ఆ ఏడు వెలువడిన ఓర్టీలియస్ అట్లాసు అయి ఉండాలి. రాగి రేకు మీద ఉలితో చెక్కి అచ్చువేసిన పటాలవి. అచ్చులో వచ్చేది నలుపే. రంగులు తరువాత చేత్తో వేసేవారు. ఓర్టీలియస్ స్వయంగా పటాలకు రంగులు వేసే పనివాడిగానే మొదలయ్యాడు, 1547లో ఆంట్వెర్ప్ చిత్రకారుల సంఘంలో అలాగే నమోదయ్యాడు. అందుకని మీరు కలంతో గీస్తున్నా ఉలిలా ఆలోచించాలి. రాగి మీద గీత సన్నగా పుట్టి, లావై, సన్నగా ముగుస్తుంది. నీడ కావాలంటే పూత పూయరు, దగ్గరదగ్గరగా గీతలు గీస్తారు. కొండలు చిన్న చిన్న పుట్టల్లా వరుసగా, వెలుగు ఎడమ నుంచి పడుతున్నట్టు కుడివైపు గీతలతో ఉండాలి. సముద్రానికి సన్నని చుక్కలు. ఈ చుక్కలే మీ ఓపికకు పరీక్ష. నా పటంలో ఒక అరచేయంత సముద్రానికి మూడు సాయంత్రాలు పట్టింది, చివరి సాయంత్రం చుక్కలు చుక్కల్లా లేవు, విసుగులా ఉన్నాయి. అలసినప్పుడు ఆపేయండి.

పటం పేరు రాసే చట్రం తోలుపట్టీలు చుట్టుకున్నట్టు వంపులు తిరిగి ఉండాలి. సముద్ర జంతువులు ఒకటి రెండు చాలు. స్వీడన్ మతాచార్యుడు ఒలావుస్ మాగ్నుస్ 1539లో వెనిస్‌లో తొమ్మిది చెక్క దిమ్మెలతో అచ్చువేసిన ఉత్తర దేశాల పటంలో అవి గుంపులుగా ఉన్నాయి, నిజమే. అప్పటి నుంచి అందరూ అదే పామును, అదే తిమింగిలాన్ని దించుతున్నారు. మీ దేశం మీదైనప్పుడు మీ జంతువు కూడా మీదే కావాలి.

అక్షరాల దగ్గర తెలుగు మనకు చిక్కు తెస్తుంది. ఆ కాలపు పటాల అందంలో సగం ఇటాలిక్ రాతది. మెర్కేటర్ తన ప్రసిద్ధ ప్రపంచపటానికి ఇరవై తొమ్మిదేళ్ల ముందే, 1540లో, ఆ రాత నేర్పే చిన్న పుస్తకం వేశాడు. కలం చెక్కడం, పట్టుకోవడం కూడా అందులో ఉన్నాయి. వాలు మొన ఉన్న వెడల్పు పాళీతో ఆ అక్షరాలకు లావు సన్నాలు వాటంతట అవే వస్తాయి. అదే పాళీతో తెలుగు రాస్తే మన గుండ్రాలు ఒకవైపు ఉబ్బి, తలకట్లు మొద్దుబారి, ఒత్తులు పూడిపోతాయి. సన్నని పాళీతో, అక్షరాల మధ్య ఎడం ఎక్కువ ఇచ్చి రాయండి. ఒత్తులకు కింద చోటు ముందే వదలండి, లేకపోతే మీ రాజధాని పేరు నదిలో పడుతుంది. ఇంకొక కిటుకు: నేను పేర్లన్నీ మొదట పెన్సిలుతో రాసుకుని, ఆ తరువాతే కొండలు గీస్తాను. కొండలకు చోటు ఎక్కడైనా దొరుకుతుంది.

ప్రశ్న: పాత పటాన్ని చూసి దించుకుంటే, లేదా కింద పెట్టి గీస్తే, అది దొంగతనమా?

జవాబు: వారూ అదే చేశారు. బ్రిటన్‌ను చూపే గఫ్ పటం తోలు మీద నకలు తీయడానికి పొడిచిన సూది రంధ్రాలు బయటపడ్డాయి. దించుకోండి. దించుకున్నానని రాయండి. అంతే.

ప్రశ్న: మా సంఘం పెడుతున్న పోటీలో పటాల విభాగానికి నన్ను న్యాయనిర్ణేతగా ఉండమన్నారు. నేను చిత్రకారుడినే కానీ పటాల మనిషిని కాను. ఏం చూడాలి?

జవాబు: మొదట పటాన్ని చూడకండి. పటంతో పాటు ఇచ్చిన కాగితాన్ని చదవండి. ఈ క్రమం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను.

ఒక పోటీలో గుండ్రటి పటం ఒకటి వచ్చింది. ఆఫ్రికా ఉండవలసిన చోట యూరప్ అని, యూరప్ ఉండవలసిన చోట ఆఫ్రికా అని బంగారు అక్షరాల్లో ఉంది. ఇంత అజాగ్రత్తా అని అప్పటికప్పుడు మార్కులు కోసేశాను. సాయంత్రం టేబులు సర్దుతుంటే ఆ పటం కింద మడిచిన కాగితం దొరికింది. హెరెఫర్డ్ పటంలో ఈ రెండు పేర్లూ తారుమారై ఉన్నాయి, నేను ఆ పొరపాటును అలాగే ఉంచాను అని గీసినవాడు రాశాడు. నిజమే, ఆ పటంలో అలాగే ఉంది. అజాగ్రత్త నాది. బహుమతులు అప్పటికే ఇచ్చేశారు. ఆ అబ్బాయికి ఉత్తరం రాసి ఒప్పుకున్నాను.

కాగితంలో మూడు సంగతులు ఉండాలి: ఏ పటాన్ని, ఏ కాలాన్ని అనుసరించాడు, ఏ సామగ్రి బదులు ఏది వాడాడు, ఎక్కడ తన ఊహ కలిపాడు. అరపేజీ చాలు. ఇరవై పేజీలు తెచ్చేవారూ ఉంటారు, బరువుకు మార్కులు వేయకండి.

తరువాత పటానికి దూరంగా నిలబడండి. నేల, నీరు వేరుగా తెలుస్తున్నాయా, కన్ను ఎక్కడ ఆగుతోంది అన్నవి మీరు చిత్రకారులు కనుక నాకంటే బాగా చూస్తారు. అప్పుడు భూతద్దం తీయండి. ఒకే అక్షరాన్ని పది చోట్ల వెతకండి. పదీ ఒకే చేతివైతే ఆ మనిషి సాధన చేశాడు. మొదటి అయిదు పొందికగా ఉండి చివరి అయిదు పరుగెత్తుతుంటే గడువు ముందు రాత్రి కూర్చున్నాడు. తీరరేఖ చూడండి: ఆకారం తెలిసి గీసిన గీతకు, వణుకుతూ దించిన గీతకు తేడా తెలిసిపోతుంది. పటాన్ని తిప్పి వెనక చూడండి. వృత్తలేఖిని సూది గుచ్చుకున్న రంధ్రం ఉంటే దాన్ని తప్పుగా లెక్కించకండి, పాత తోళ్ల మీదా అది ఉంటుంది.

అన్నిటి కంటే ముఖ్యం, పటంలోని వస్తువులన్నీ ఒకే గదిలో కూర్చోగలవా అన్నది. ఒకసారి బంగారు తెరచాపలతో బ్రహ్మాండమైన సముద్రపటం వచ్చింది. హాలులో జనమంతా దాని చుట్టూనే. కానీ ఊళ్ల పేర్లన్నీ అడ్డంగా, సముద్రంలోకి రాసి ఉన్నాయి. అక్షాంశ రేఖలు 1400 నాటి తీరానికి తగిలించారు. అదే వరుసలో పళ్లెమంత టీ-ఓ పటం, వృత్తం కాస్త సొట్ట, ఎరుపు ఒకచోట కారింది. ఒక్క వస్తువూ తప్పు కాలానిది కాదు. నేను మొదటి బహుమతి దానికే ఇచ్చాను. తోటి నిర్ణేతలు ఇద్దరూ ఒప్పుకోలేదు, గట్టిగానే వాదించారు. చేతిపనికి విలువ లేదా అన్న వారి మాటలో న్యాయం లేకపోలేదు. ఇప్పుడైతే తెరచాపల పటానికి రెండవది ఇచ్చి ఉండేదాన్ని, అప్పుడు మూడవది ఇచ్చాను.

గీసినవారితో మాట్లాడే వీలుంటే తీర్పు చెప్పకండి, ప్రశ్న అడగండి. "ఈ నది ఎందుకు ఇలా వంగింది?" అంటే మంచి పటకారుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. పదమూడవ శతాబ్దంలో మాథ్యూ పారిస్ అనే ఇంగ్లిషు సన్యాసి బ్రిటన్ పటం గీసి, పేజీ పట్టలేదు కానీ దీవి ఇంకా పొడుగుండాలని పటం మీదే రాసుకున్నాడు. అంత నిజాయితీగా ఎవరైనా చెబితే నేను అక్కడే మార్కు కలుపుతాను.

ప్రశ్న: నా పటం ఎంత బాగా వచ్చిందంటే ఒకాయన నిజంగా పాతదనుకుని కొంటానన్నారు. సంతకం చేస్తే పటం అందం చెడుతుందని సందేహం.

జవాబు: వెనక చేయండి. తప్పకుండా చేయండి.

అమెరికా తీరాన్ని కొలంబస్‌కు ముందే చూపిస్తోందంటూ 1965లో యేల్ విశ్వవిద్యాలయం విన్‌లాండ్ పటాన్ని లోకానికి చూపింది. తోలు నిజంగానే పదిహేనవ శతాబ్దానిది. సిరాలో మాత్రం టైటానియం సమ్మేళనం దొరికింది, ఆ రూపంలో అది 1920ల తరువాత రంగుల్లో వాడుకలోకి వచ్చినది. పటం నకిలీ అని యేల్ 2021లో తేల్చి చెప్పేదాకా అర్ధశతాబ్దానికి పైగా పండితులు దాని మీద వాదించుకున్నారు. ఎవరో ఒక మనిషి వెనక రెండు ముక్కలు రాసి ఉంటే ఈ గొడవే లేదు.

సంవత్సరం, మీ పేరు, ఏ పటాన్ని అనుసరించారన్నది రాయండి. పెన్సిలుతో కాదు, పటం గీసిన సిరాతోనే. అదీ ఫ్రేము కట్టించక ముందే. కట్టించాక ఎవరూ విప్పరు.